గౌతమి ఒడ్డున అన్నమ్మ గుడి
(గోదావరి పాయల చరిత్ర – 17వ భాగం)

యానాంలోని పునీత అన్నమ్మ గుడి గురించి ఎవరు రాసినా రెండు మాటలతో సరిపెడతారు. ఫ్రెంచివాళ్లు కట్టారు, 1846లో పూర్తయింది. సామాను కొంత ఫ్రాన్సు నుంచి ఓడల్లో వచ్చిందని, కట్టడం తీరు ఐరోపాదని మూడో మాట కలుపుతారు. ఈ మాటల్లో తప్పేమీ లేదు. వాటి నుంచి మనం తీసే నిర్ణయంలోనే తప్పంతా ఉంది. గుడి ఫ్రెంచి వైభవానికి గుర్తు గనుక, దాని చుట్టూ అల్లుకున్న కతోలిక సమాజం కూడా ఆ వైభవం విడిచిపోయిన శేషమేననీ, ఫ్రెంచి జెండా దిగిన రోజునే దాని కథ ముగిసిందనీ అనుకుంటాం. ఈ భాగంలో నేను చెప్పదలచుకున్నది దీనికి సరిగ్గా ఎదురు. యానాం విచారణ, అంటే ఈ గుడి కిందికి వచ్చే కతోలిక సంఘం, ఫ్రెంచివారి వెలుగు రోజుల్లో పుట్టలేదు. వాళ్ల వర్తకం చితికిపోయి, రేవు బోసిపోయి, పని వెతుక్కుంటూ జనం ఓడలెక్కుతున్న రోజుల్లో పుట్టింది. వర్తకం వదిలేసిన మనుషులే దానికి ఆధారమయ్యారు. జెండాలు మారినా, ఊళ్లోకి ఫ్యాక్టరీలు వచ్చి మూతపడినా ఆ విచారణ నిలవడానికి కారణం అక్కడే ఉంది.

కోనసీమ చరిత్ర చెబుతూ యానాంలోకి ఎందుకు పోవడం అని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. యానాం గౌతమికి ఉత్తరపు ఒడ్డున ఉంది. దక్షిణపు ఒడ్డున ఎదుర్లంక, అంటే కోనసీమ నేల. పరిపాలన రీత్యా యానాం పుదుచ్చేరిలో భాగమైనా, దాని నోటి మాట, వరి, కొబ్బరి, పెళ్లి సంబంధాలు, కూలి రేట్లు అన్నీ గోదావరివే. పంటు మీద ఏరు దాటి వచ్చిన కోనసీమ వాళ్లు యానాం చరిత్రలో ప్రతి మలుపులోనూ కనిపిస్తారు. 2002లో బాలయోగి పేరున వారధి వచ్చాక ఆ రాకపోకలు ఇంకా చిక్కబడ్డాయి. అమలాపురం, రాజోలు, కొత్తపేట తాలూకాల్లో క్రైస్తవం ఎలా పాకిందో ఇంతకుముందు భాగాల్లో చూశాం. ఆ కథకు ఎదురుగా నిలిపి చూడదగ్గ అసలైన ఉదాహరణ ఏటికి అవతల యానాంలోనే దొరుకుతుంది.

యానాం రెండుసార్లు పారిశ్రామిక పట్టణమైంది. రెండోసారి సంగతి అందరికీ తెలుసు, మొదటిదాన్ని మరిచిపోయాం. 1723లో ఫ్రెంచి కంపెనీ ఇక్కడ అడుగుపెట్టి, కొన్నేళ్లకే విడిచిపెట్టి, 1731లో మళ్లీ వచ్చింది. వాళ్లు వచ్చింది మతం కోసం కాదు, బట్ట కోసం. గోదావరి ముఖద్వారంలో నేత, అద్దకం, చలువ చేయడం తెలిసిన వాళ్ల పల్లెలు వరసగా ఉండేవి. ఆంగ్లేయులు ఇంజరంలో, నీలపల్లిలో కూర్చున్నదీ ఆ బట్ట కోసమే. మూడు నాలుగు మైళ్ల దూరంలో రెండు దేశాల గిడ్డంగులు ఒకే మగ్గం మీద పడి పోటీపడ్డాయంటే ఆ మగ్గం విలువ ఏపాటిదో ఊహించవచ్చు. పక్కనే కోరంగి రేవులో ఓడలు కట్టేవాళ్లు, బాగుచేసేవాళ్లు. సాలె, రంగు వేసే మనిషి, చాకలి, పడవ సరంగు, వడ్రంగి, కలాసీ, ఉప్పు మడి కూలీ – వీళ్లందరినీ కలిపి చూస్తే 18వ శతాబ్ది యానాం చుట్టుపట్ల ఆనాటి లెక్కలో పెద్ద పరిశ్రమే నడిచింది. బుస్సీ దొర ఉత్తర సర్కారులను గుప్పిట పట్టిన 1750ల్లో ఫ్రెంచివారి వెలుగు ఇక్కడ పరాకాష్ఠకు చేరింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఆంగ్లేయుల చేతిలో ఓడాక ఆ వెలుగు మళ్లీ రాలేదు. ఈ వైభవపు దశాబ్దాలు గడిచి ఎనభై ఏళ్లకు పైబడ్డాక గానీ అన్నమ్మ గుడి లేవలేదు. గుడిని ఆ వైభవానికి ముడిపెట్టడం కాలక్రమానికే కుదరదు.

మధ్యలో జరిగిందేమిటో చూస్తే గుడి ఎందుకు లేచిందో అర్థమవుతుంది. ఆంగ్లేయులు యానాన్ని పదేపదే పట్టుకుని, పదేపదే తిరిగిచ్చి, చివరికి నెపోలియన్ యుద్ధాలు ముగిశాక 1817 నాటికి మళ్లీ ఫ్రెంచివారి చేతిలో పెట్టారు. చేతికి వచ్చింది పాత యానాం కాదు. కోటలు కట్టకూడదు, సైన్యం పెట్టకూడదు. చుట్టూ ఆంగ్లేయుల సుంకపు గీత. 1815 మార్చి 7 నాటి ఒప్పందంతో ఫ్రెంచివారు తమ స్థావరాల ఉప్పు మీద హక్కును ఏటా 4 లక్షల సిక్కా రూపాయలకు ఆంగ్ల కంపెనీకి వదులుకున్నారు. ఆ రూపాయలు పుదుచ్చేరి ఖజానాకు చేరాయి. ఉప్పు మడిలో కాళ్లు చీకిపోయేలా నిలబడిన మనిషికి చేరింది పని లేకపోవడమే. అదే రోజుల్లో లాంకషైర్ మిల్లు బట్ట ఇక్కడి నేతను విరగ్గొట్టింది. ఆంగ్లేయులే ఇంజరం గిడ్డంగి మూసుకున్నారు. కోరంగి రేవు మేట వేసి ఓడలకు లోతు చాలకుండా పోయింది. వీటన్నిటి మీదా 1839 నవంబరు తుపాను వచ్చింది. సముద్రం ఊళ్లమీద పడి కోరంగిని ఊడ్చేసింది, యానాన్ని ముంచింది. 18వ శతాబ్ది చివర ఇదే తీరాన్ని ముంచిన ఉప్పెనల నుంచి కోలుకోనే లేదు, ఇంతలో ఇది. అన్నమ్మ గుడి పూర్తయిన 1846 ఆ తుపానుకు ఏడేళ్ల తర్వాతి సంవత్సరం. గుడికి శంకుస్థాపన చేసిన గురువు 1836లోనే కన్నుమూశారు. అంటే గుడి పని మొదలై, ఆగి, తుపాను దెబ్బ తిని, మళ్లీ సాగి పూర్తయిన దశాబ్దం యానాం చరిత్రలోకెల్లా నీరసమైన దశాబ్దం.

అప్పటికి యానాంలో ఐరోపా కుటుంబాలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని మాత్రమే. ఆ కొద్దిమంది కోసమే అయితే ఒక గదిలో పూజ పెట్టుకుంటే సరిపోయేది. అంత గుడి ఎందుకు? దీనికి ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది: వలస పాలకులకు ఆడంబరం కావాలి, గుడి ప్రభుత్వపు గొప్ప చాటుకునే గోడ. ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. ఫ్రెంచి ప్రభుత్వం గుడులను తన ప్రతిష్ఠతో కలిపి చూసిన సందర్భాలు పుదుచ్చేరిలో ఎన్నో ఉన్నాయి. అయితే యానాం గుడిని ఎవరు నడిపారో చూడండి. తెలుగు దేశంలో పనిచేసి తెలుగు నేర్చిన బోనాఁ అనే గురువు 1836లో పుదుచ్చేరిలో మేత్రాణుల (బిషప్పు) బాధ్యతకు వచ్చారు. ఉత్తరాన ఉన్న విచారణలకు తన దగ్గర గురువులు చాలరని, మరో సభను పిలవాలని ఆయన కోరారు. వచ్చినవాళ్లు ఆన్సీ పట్టణపు పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు. పియెర్ మారీ మెర్మియే అనే ఆయన 1838లో స్థాపించిన చిన్న సభ అది. 1845లో వాళ్లు ఓడెక్కారు, 1846లో విశాఖపట్నం చేరారు. ఆన్సీ సవోయ్ ప్రాంతంలో ఉంది. సవోయ్ ఆనాటికి ఫ్రాన్సులో లేదు, సార్డీనియా రాజ్యానిది. 1860లో గానీ ఫ్రాన్సులో కలవలేదు. ఫ్రెంచి భాష మాట్లాడేవాళ్లే తప్ప, యానాంలో పూజ చేసిన తొలి సవోయ్ గురువులు ఫ్రాన్సు రాజు ప్రజలు కారు. మంచు కొండల పల్లెల్లో రైతు కుటుంబాల నుంచి వచ్చిన వాళ్లను మనం దొరల జాబితాలో వేసేశాం.

ఇంతకన్నా గట్టి ఆధారం ఒకటుంది. యానాం రాజకీయంగా పుదుచ్చేరికి లోబడి ఉండగానే, శ్రీసభ లెక్కలో విశాఖపట్నానికి లోబడింది. 1850లో విశాఖపట్నం కేంద్రంగా ప్రత్యేక మిషను ప్రాంతం ఏర్పడి, 1886లో మేత్రాసనమైంది. దాని హద్దు గోదావరి నుంచి ఉత్తరంగా సాగేది. విశాఖ ఆంగ్లేయుల నేల. ఫ్రెంచి జెండా కింద ఉన్న విచారణకు గురువును పంపేది ఆంగ్ల జెండా కింద కూర్చున్న మేత్రాణులు. గుడి ఫ్రెంచి ప్రభుత్వపు పనిముట్టే అయితే ఈ ఏర్పాటును పుదుచ్చేరి గవర్నరు ఒక్క రోజు సహించడు. గురువులు ఊరిని జెండా ప్రకారం కాక, నది ప్రకారం, భాష ప్రకారం లెక్కించారు. యానాం తెలుగు ఊరు గనుక తెలుగు మిషనులోకి వచ్చింది. ఆ పద్ధతి ఇప్పటికీ మారలేదు. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో ఉండి, 1976లో గోదావరి జిల్లాల కోసం ఏర్పడిన ఏలూరు మేత్రాసనంలో ఉంది.

1849లో ఆన్సీ నుంచే పునీత జోజప్ప సభ కన్యలు వచ్చారు. తర్వాత విశాఖలోనూ ఇంకా ఎన్నో చోట్లా బడులు, అనాథ శరణాలయాలు నడిపిన ఈ సభ భారతదేశంలో మొట్టమొదట పని మొదలుపెట్టిన చోటు యానామే. ఈ సంగతి ఎందుకో మన స్థానిక చరిత్రల్లో ఒక వాక్యానికి మించి కనిపించదు. ఆడపిల్లకు అక్షరం చెప్పడం అంటే ఇంటి పరువు తీయడంగా చూసే రోజులవి. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పుట్టింది 1848లో. ఆయన బాలికల బడి పెట్టడానికి ఇంకా పాతికేళ్లు పడుతుంది. అప్పటికే గౌతమి ఒడ్డున మఠకన్యలు ఉన్నారు. ఎంతమందికి చదువు చెప్పారు, ఎంత లోతుగా చెప్పారు అన్నది వేరే లెక్క. వాళ్ల చేతికి వచ్చిన పిల్లలెవరన్నది నా వాదనకు ముఖ్యం. దొరల పిల్లలు ఉన్నదే ఇద్దరో ముగ్గురో. తుపానుల తర్వాత, వలసల తర్వాత మిగిలిన పిల్లలు మాత్రం ఊరి నిండా ఉన్నారు. విచారణ అనేది పెళ్లిళ్లతో, జ్ఞానస్నానాలతో తరం తర్వాత తరంగా పెరుగుతుంది. ఆ తరాలను కన్నవాళ్లు తెలుగు పేదలే.

వలస సంగతి కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే యానాం పేరు ప్రపంచంలో కొందరికి తెలిసింది దాని వల్లే. 1828లోనే ఇక్కడి నుంచి 15 మంది తెలుగు కూలీలను హిందూ మహాసముద్రంలోని బూర్బోఁ దీవికి, అంటే నేటి రీయూనియన్‌కు, ఒప్పందం మీద తీసుకెళ్లారు. భారతీయ ఒప్పంద కూలీల చరిత్రలో అది తొలి అడుగుల్లో ఒకటి. 1848 ఏప్రిల్ 27న ఫ్రెంచి వలసల్లో బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల యజమానులకు చేతులు కావలసి వచ్చాయి. ఫ్రెంచి రేవుల నుంచి ఓడలు వరసకట్టాయి. మాయమాటలు చెప్పి, తాగించి, ఎత్తుకొచ్చి ఓడ ఎక్కిస్తున్నారని ఆంగ్లేయులు పదేపదే ఫిర్యాదు చేశారు. వాళ్ల తోటలకూ కూలీలు కావాలి గనుక ఆ ఫిర్యాదులో స్వార్థం లేకపోలేదు, కానీ జరిగింది నిజమే. 1860, 1861ల ఒప్పందాలతో రెండు ప్రభుత్వాలూ ఈ వ్యాపారానికి పద్ధతి పెట్టుకున్నాయి. రీయూనియన్‌లో కూలీల కష్టాలు చూసి 1882లో ఆంగ్ల ప్రభుత్వం అక్కడికి పంపడం ఆపించింది. దీవికి పోయినవాళ్లలో చాలామంది వారసులు ఇవాళ కతోలిక పేర్లతో జ్ఞానస్నానం పుచ్చుకుని, అదే సమయంలో హిందూ గుడుల్లో పొంగళ్లు పెట్టి, అగ్నిగుండం తొక్కుతారు. అక్కడి గురువులు దాన్ని చాలాకాలం ఇష్టపడలేదు. ఆ జనం మాత్రం రెండింటిలో దేన్నీ వదల్లేదు. ఇదంతా యానాం విచారణకు దూరపు సంగతిలా కనిపించవచ్చు. నాకు అలా తోచదు. ఒకే తీరం నుంచి, ఒకే పేదరికం నుంచి బయటపడిన మనుషుల్లో కొందరికి కతోలిక మతం అవతలి ఒడ్డున ఎదురైంది, కొందరికి ఇవతలి ఒడ్డున. ఇద్దరినీ ఆ గుమ్మానికి చేర్చింది బతుకుతెరువు పోవడమే. ఈ రేవులో కూలీల ఓడలకు అనుమతి ఇచ్చింది కూడా ఫ్రెంచి అధికారులే. ఆ ప్రభుత్వాన్నీ ఈ విచారణనూ ఒకటిగా చూడకూడదని నేను అంటున్నది ఇందుకే.

ఇక్కడ పాత అభ్యంతరం వస్తుంది, అది కోనసీమలో ప్రతి రచ్చబండ మీదా వినిపించేదే: వీళ్లంతా గింజల కోసం మారినవాళ్లు. ఈ అభ్యంతరానికి యానాంలో కొంత చోటు ఉంది, దాచాల్సిన పనిలేదు. మఠకన్యలు అన్నం పెట్టారు, బట్ట ఇచ్చారు, చదువు చెప్పారు. కానీ ఏటికి ఇవతల ఏం జరిగిందో దాని పక్కన నిలిపి చూస్తే ఆ వాదం నిలబడదు. 1836లో మిషనరీ ఆంటొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు డెవాన్ సీమ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ వచ్చి నర్సాపురం చేరారు. బౌడెన్ రాతిపనివాడు, బీర్ చెప్పులు కుట్టేవాడు. వాళ్ల బ్రదరన్ పద్ధతిలో నెల జీతం ఇచ్చే సంఘం లేదు, వెనక ప్రభుత్వం లేదు. ఇవ్వడానికి వాళ్ల దగ్గరే సరిగ్గా లేదు. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కడుతున్నప్పుడు అక్కడ చేరిన వేలాది కూలీల మధ్య బౌడెన్ బోధించారు. ఆనకట్ట కాలువలు కోనసీమలోకి దిగి, గన్నవరం దగ్గర 49 కమానుల అక్విడక్టు మీదుగా నాగరం లంకలోకి నీళ్లు పారిన కాలంలోనే, ఆ కాలువ గట్ల వెంట బ్రదరన్ సంఘాలు పాకాయి. తర్వాత నర్సాపురంలో ఆసుపత్రి, రాజోలులో కుష్ఠురోగుల ఆసుపత్రి వచ్చాయి. ఏమీ లేని బౌడెన్ పక్షాన వేలమంది చేరారు. గుడి, మఠం, ఓడ మీద వచ్చిన సామాను, ఫ్రెంచి పాలకుల నీడ ఉన్న యానాం విచారణ మాత్రం చిన్నదిగానే ఉండిపోయింది. ఇచ్చేవాళ్ల దగ్గరికే జనం పోతారన్న సూత్రం నిజమైతే లెక్క తిరగబడాలి కదా! అది తిరగబడలేదు. పేటల జనం చూసింది గింజలను కాదు, పక్కన కూర్చునే మనిషిని. కూలీల మధ్య కూర్చున్న రాతిపనివాడు ఆ పని ఎక్కువగా చేశాడు, యానాం గురువులు తక్కువగా చేశారు. కతోలిక పద్ధతిలో గురువు గుడికి కట్టుబడి ఉంటాడు, ఉపదేశి పేటలకు పోతాడు. ఉపదేశులు చాలినంత మంది లేనిచోట విచారణ పెరగదు. ఇది ఆ విచారణ లోపమే, దాన్ని ఒప్పుకోవాలి. ఆ లోపమే అది గింజల మీద పెరగలేదనడానికి సాక్ష్యం కూడా.

ఫ్రెంచి పాలనకూ విచారణకూ ఉన్న సంబంధాన్ని తేల్చే పరీక్ష 1954లో వచ్చింది. విచారణ ఫ్రెంచివారి తోక అయితే, ఫ్రెంచివారు పోయేటప్పుడు అది వాళ్ల వెంట ఉండాలి. విలీనోద్యమానికి యానాంలో ముందు నిలిచిన మనిషి పేరు దడాల రఫేల్ రమణయ్య. యానాం పక్కన ఫరంపేటలో 1908లో సాధారణ కుటుంబంలో పుట్టారు. రఫేల్ జ్ఞానస్నానపు పేరు, రమణయ్య ఊళ్లో పిలిచే పేరు. పుదుచ్చేరిలో చదువుకుని, ఫ్రెంచి పోలీసు ఉద్యోగం చేసి, దాన్ని వదిలి భారతదేశంలో కలవాలన్న పోరాటంలోకి దిగారు. 1954 జూన్ 13న ఆయన నాయకత్వంలో విలీనవాదులు యానాం పాలనను చేతిలోకి తీసుకున్నారు. మాహే కన్నా నెల ముందు, పుదుచ్చేరి కన్నా నెలల ముందు యానాం ఫ్రెంచివారి చేయి జారింది. ఆ ఏడు నవంబరు 1న పాలన అంతా భారత ప్రభుత్వానికి వచ్చింది, 1962 ఆగస్టు 16న చట్టప్రకారం బదిలీ పూర్తయింది. దీనికి ఎదురుగా, ఫ్రెంచి పాలనవైపు మొగ్గిన స్థానిక నాయకుల్లో మేయరుగా చేసిన సమతం కృష్ణయ్య వంటి హిందూ ప్రముఖులు ఉన్నారు. భూమి, వర్తకం, పదవి ఉన్న కుటుంబాలకు ఆ పాలనలో పోగొట్టుకునేది ఉంది. ఒక్క మనిషి ఉదాహరణతో సమాజం మొత్తాన్ని తూచలేమని ఎవరైనా అనవచ్చు. న్యాయమైన మాటే. అందుకని రెండో ఆధారం చూద్దాం. 1962 తర్వాత ఫ్రెంచి పౌరసత్వం కోరుకునే హక్కు ఫ్రెంచి ఇండియా ప్రజలకు ఆరు నెలలు తెరిచి ఉంది. పుదుచ్చేరిలో, కారైకాల్‌లో వేలమంది దాన్ని వాడుకున్నారు, అక్కడి క్రైస్తవులు అందులో ముందున్నారు. యానాంలో వాడుకున్నవాళ్లు చాలా కొద్దిమంది. ఫ్రాన్సు మీద మమకారంతో నడిచిన సమాజమే అయితే ఆ తలుపు దగ్గర ఎందుకు గుమిగూడలేదు?

సంఖ్యల మాట తీస్తే ఇంకో చిక్కు ఉంది. జనాభా లెక్కల్లో యానాంలోనూ కోనసీమలోనూ క్రైస్తవుల శాతం చాలా తక్కువ కనిపిస్తుంది, అంత చిన్న గుంపుకు చరిత్ర రాయడం ఎందుకని అడిగేవాళ్లున్నారు. ఆ శాతం తక్కువ కనిపించడం వెనక ఒక చట్టం ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చింది, క్రైస్తవులను చేర్చలేదు. పుదుచ్చేరికి 1964లో వచ్చిన ఉత్తర్వుదీ అదే దారి. క్రైస్తవుడినని రాయించుకున్న మాల, మాదిగ బిడ్డకు బడిలో, ఉద్యోగంలో ఉన్న హక్కు పోతుంది. కులం మాత్రం ఎక్కడికీ పోదు. బావి దగ్గరా శ్మశానం దగ్గరా అంటుకునే ఉంటుంది. ఇలాంటి చట్టం కింద మనిషి కాగితం మీద రాయించే మతమూ, ఆదివారం నిలబడే చోటూ వేరైపోతాయి. వాళ్లను అబద్ధీకులనడం అన్యాయం. ప్రార్థనకూ పిల్లల చదువుకూ మధ్య ఏదో ఒకటి తేల్చుకోమని అడిగిన చట్టానిది ఆ తప్పు. చరిత్రకారుడు మటుకు జనాభా లెక్కనే ప్రమాణంగా పట్టుకుంటే, ఈ డెల్టాలో ఉన్న సగం జీవితం అతనికి కనిపించదు.

1980ల్లో యానాం రెండోసారి పారిశ్రామిక పట్టణమైంది. కేంద్రపాలిత ప్రాంతపు పన్ను రాయితీలు, కృష్ణా గోదావరి బేసిన్ సహజవాయువు కలిసి పలకల కొలిమిని ఇక్కడికి రప్పించాయి. రీజెన్సీ సిరామిక్స్ వచ్చాక పొలం పనికి, పడవ పనికి అలవాటైన జనం మూడు షిఫ్టుల పనిలోకి మారారు. 2001లో 31,394గా ఉన్న యానాం జనాభా 2011కి 55,626 అయింది. పదేళ్లలో ముప్పాతిక వంతుకు పైగా పెరగడం ఆ చిన్న చోటుకు మామూలు మాట కాదు. వచ్చినవాళ్లలో గౌతమి దాటిన కోనసీమవాళ్లు ఎందరో. బ్రదరన్ ఇంట్లో పుట్టినవాళ్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్లు ఒకే వాడలో అద్దెకు దిగితే, ఊళ్లో ఒకప్పుడు క్రైస్తవం అంటే అన్నమ్మ గుడే అన్న స్థితి మారిపోయింది. పాత విచారణ ఎన్నో సంఘాల్లో ఒకటైంది. దీన్ని క్షీణత అనేవాళ్లతో నేను ఏకీభవించను. పెళ్లి రాతకు, సమాధి స్థలానికి, పిల్లల బడికి మనుషులు తిరిగే చోటుగా అది మిగిలింది. పెద్ద మీటింగులు పెట్టే సంఘానికి లేని నిలకడ అందులో ఉంది.

2012 జనవరి 27న ఆ కొలిమి ఊరు కాలిపోయింది. వేతనాల కోసం నెలల తరబడి సాగిన ఆందోళనలో పోలీసు చర్య తర్వాత కార్మిక నాయకుడొకరు చనిపోయారు. ఆ కోపంలో సంస్థ ఉన్నతాధికారి ఒకరు ప్రాణాలు కోల్పోయారు. ఫ్యాక్టరీ తగలబడింది, ఏళ్ల తరబడి మూతబడింది. ఆ రోజు రెండు ఇళ్లలో జరిగిన అన్యాయం ఏదీ ఇంకోదాన్ని చెరపదు. చరిత్ర దృష్టితో చూస్తే ఒక పోలిక తప్పించుకోలేనిది. 1820ల్లో మగ్గం ఆగినప్పుడూ 2012లో కొలిమి ఆగినప్పుడూ యానాంలో జరిగింది ఒకటే: పెట్టుబడి వెళ్లిపోయింది, పని నేర్చిన చేతులు ఒడ్డున మిగిలాయి. మొదటిసారి ఆ చేతులకు ఊరిలో ఆసరా లేక ఓడలెక్కాయి. రెండోసారి బస్సులెక్కి హైదరాబాదుకు, గల్ఫుకు పోయాయి. రెండు సందర్భాల్లోనూ వెనక మిగిలిన తల్లులూ పిల్లలూ ఏ గుమ్మం ముందు నిలబడ్డారో అదే ఆ ఊరి అసలు చరిత్ర. ఫ్యాక్టరీ ఊళ్లో మతం పలచబడుతుందని ఐరోపా అనుభవం చూసి చెప్పే పండితులున్నారు. లాంకషైర్‌లో, రూర్ లోయలో అది కొంతవరకు జరిగింది. గోదావరి ముఖద్వారంలో రెండుసార్లూ పరిశ్రమ నిలవలేదు. నిలవని పరిశ్రమ మనిషికి కొత్త ఆసరా కాలేదు గనుక, పాత ఆసరాను మాన్పించలేకపోయింది.

ఈ విచారణ చరిత్ర ఇంకా పుస్తకంగా రాలేదు. రాయడానికి కావలసిన సామగ్రిలో సగం ఇళ్లలోనే ఉంటుంది: తాతల జ్ఞానస్నానపు చీటీలు, ఫ్రెంచి బడి సర్టిఫికెట్లు, రీయూనియన్ నుంచి వచ్చిన ఉత్తరాలు, ఫ్యాక్టరీ గుర్తింపు కార్డులు. గౌతమి ఒడ్డున చెమ్మకు, చెదలకు కాగితం నిలవదు. యానాం, ఎదుర్లంక, ముమ్మిడివరం వైపు పాఠకుల దగ్గర ఇలాంటివేమైనా ఉంటే, దయచేసి వాటికి నకళ్లు తీయించి ఒకటి విచారణ కార్యాలయంలో, ఒకటి ఊరి గ్రంథాలయంలో దాచండి. వచ్చే భాగంలో కాకినాడ రేవులో తంతి గుమాస్తాగా పనిచేసి బాప్టిస్టు సంఘానికి పునాది వేసిన తెలుగువాడు తామస్ గేబ్రియల్ గురించి.